రఫూ పిన్నీ, పచ్చదారాలూ

రఫూ పిన్ని జీవితచరిత్ర రాయడానికి పూనుకునే మహానుభావులకు మొదటి పేజీలోనే ఒక చిక్కు వచ్చిపడుతుంది. సాక్ష్యాలు దొరకవు. రాజులు శాసనాలు వేయించి పోతారు. మేస్త్రీలు గోడలు నిలబెట్టి పోతారు. వంటవాళ్ళకు కనీసం తోమాల్సిన గిన్నెలైనా మిగులుతాయి. పిన్ని ముప్పై నాలుగేళ్ళుగా రోజుకు ఎనిమిది గంటలు చేసిన పని మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనబడదు. కనబడిందంటే అది పిన్ని చేసింది కాదన్నమాట.

ఆవిడ కొలువు ఒక డ్రై క్లీనింగ్ షాపు వెనకభాగంలో. ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని వేలాడే కోట్లను రెండు చేతులా తప్పించుకుంటూ వెళ్తే చివర్లో ఉత్తరం కిటికీ, స్టూలు, మెడ వంచిన దీపం, దాని కింద తల వంచిన పిన్ని. చిరిగిన కోటు ఒళ్ళో వేసుకుని, దాని లోపలి మడతల్లోంచే దారాలు లాగి, పడుగు ఉండాల్సిన చోట పడుగు, పేక ఉండాల్సిన చోట పేక అల్లి, కన్నాన్ని లోకంలోంచి మాయం చేస్తుంది. ఒకసారి ఒక పెద్దమనిషి తన కోటు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాది కాదు. నా కోటుకు బెత్తెడు చిరుగుండాలి, అది తెచ్చివ్వండి" అని ఓనరు మీద గొంతు చించుకున్నాడు. పిన్నికి అంతకు మించిన బిరుదు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.

చిరుగు చూసి దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. పురుగు కొట్టిందైతే అంచులు నమిలినట్టుంటాయి. నిప్పురవ్వ పడిందైతే ముడుచుకుని గట్టిపడతాయి. అరిగిందైతే దారం సన్నబడి, నూగు లేచి, ఇక నావల్ల కాదని ప్రాణం విడుస్తుంది. కోసుకుపోయిందైతే దారం చివరిదాకా నిండుగా ఉండి, ఉన్నట్టుండి లేకుండా పోతుంది. "అరిగిపోయిందండీ" అని కోటు బల్లమీద పెట్టినవాడితో "అరగలేదు నాయనా, ఇనప గేటు ఎక్కి దిగారు" అని పిన్ని అంటే, పక్కనున్న అతని భార్య ఆ గేటు ఎవరిదో కనుక్కునే పనిలో పడేది.

పిన్ని భర్త రిటైరైన బస్సు కండక్టరు. వీధిలో అందరికీ ఇప్పటికీ కండక్టరు గారే. ముప్పై ఒక్క ఏళ్ళు టికెట్ నంబర్లు రాసీ రాసీ, ఏ నంబరు కంటబడినా నోట్‌బుక్కులో ఎక్కించకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరు. ఈమధ్య పాదాల్లో స్పర్శ తగ్గింది. ఒకరోజు బజారు నుంచి ఒంటి చెప్పుతో తిరిగొచ్చి, రెండోది పిన్నే దాచిందని గంటసేపు వాదించారు.

ఆ వాదన జరుగుతున్న సమయంలోనే పిన్ని అన్న కూతురు ఇంటికొచ్చింది. ఆ పిల్ల ఒక పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. పాదాల్లో స్పర్శ పోయినవాళ్ళ దగ్గర నువ్వుగింజంత చర్మం తీసి, గడ్డకట్టించి, పల్చటి పొరలుగా కోసి, అందులోని నరాలకు రంగు పట్టిస్తారు. మైక్రోస్కోపు కింద అవి నల్లటి చీకట్లో పచ్చటి దారాల్లా మెరుస్తాయి. వాటిని ఫొటోలు తీస్తారు. ఆ కోసే పని మేనకోడలిది.

"ఒక్కో బొమ్మలో ఏ దారం సాగింది, ఏది మధ్యలో ఆగింది అని చూడాలత్తా. లక్షా ఎనభై వేల బొమ్మలున్నాయి. చూసేవాళ్ళం అయిదుగురం."

"అయితే మీరు రిటైరయ్యాక కూడా అక్కడే ఉంటారన్నమాట" అన్నారు కండక్టరు గారు సంతృప్తిగా.

"అందుకే గేమ్ చేశాం మావయ్యా. ఎక్కడివాళ్ళయినా ఆడొచ్చు. డాక్టరు చదువు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. నీ పాదాల లాంటి పాదాల కోసమే ఇదంతా. ఇద్దరూ ఆడండి."

"అరవై ఏళ్ళొచ్చాక గేమ్ ఏమిటే, నలుగురూ నవ్వుతారు" అంది పిన్ని. అప్పటికే చెయ్యి చాపి ట్యాబ్ అందుకుంది.

గేమ్ సంగతి చెప్పాలి. నల్లటి తెర మీద పచ్చదారం, దాని మీద ఒక చిన్న గొంగళిపురుగు. పురుగు పాకుతూ పోయి దారం తెగినచోట ఆగి, ఆడేవాళ్ళ ముఖంలోకి చూస్తుంది. కింద రెండు బటన్లు. దారం అవతల కొనసాగుతోందనిపిస్తే 'కలుపు' నొక్కి, వేలితో ఈ కొస నుంచి ఆ కొసకు గీత గీయాలి. పురుగు దాటిపోయి నాట్యం చేస్తుంది. దారం నిజంగా అక్కడితో సరి అనిపిస్తే 'ఆగింది' నొక్కాలి. పురుగు ముడుచుకుని నిద్రపోతుంది. ఒక్కో బొమ్మను ముప్పై మందికి చూపిస్తారు. మధ్యమధ్యలో డాక్టర్లు ముందే తేల్చిన బొమ్మలూ వేసి పరీక్షిస్తారు. మీ జవాబు డాక్టర్లతోనూ మిగతావాళ్ళతోనూ ఎంత కలిసిందన్న దాన్నిబట్టి తెర మూల 'నమ్మకం' అని ఒక అంకె కనబడుతుంది. మొదటి వారం గడిచాక ఎప్పుడైనా అది యాభైకి దిగితే మీ జవాబులు లెక్కలోంచి తీసేసి, మిమ్మల్ని మర్యాదగా మొదటి పాఠానికి పంపేస్తారు.

కండక్టరు గారు ఇంట్లో తన ఫోనులో, రద్దీ బస్సులో టికెట్లు కొట్టినట్టు ఆడేవారు. "ఆగింది. తర్వాత. ఆగింది. తర్వాత. కలుపు. తర్వాత." వారం తిరిగేసరికి ఆయన నమ్మకం తొంభై ఒకటి.

పిన్నిది ముప్పై ఒకటి.

"ఏమండీ, నన్నేదో మొదటి పాఠం చూడమంటోంది" అంది పిన్ని, టీ టైములో షాపు నుంచి ఫోన్ చేసి.

"దింపేశారు!" అని కండక్టరు గారు సంబరపడ్డారు. "టికెట్ లేకుండా ఎక్కావుగా!"

ఆ ఆదివారం మేనకోడలు వచ్చి పిన్ని ఆట మొత్తం తిరగేసి చూసి, నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది.

"అత్తా, నాలుగువందల పన్నెండు బొమ్మలు ఆడావు. ఒక్కచోట కూడా 'ఆగింది' నొక్కలేదేంటి?"

"చిరుగు కనబడితే చూస్తూ ఊరుకుంటామటే?"

"ఆ చిరుగే జబ్బు అత్తా! మేం వెతికేదే దాన్ని. నువ్వు కనబడ్డ రోగినల్లా రఫూ చేసి పంపేశావు. నీ లెక్కన ఈ లోకంలో ఎవరికీ ఏ జబ్బూ లేదు. మేం ల్యాబుకు తాళం వేసుకోవడమే."

"వేసుకోండి. మంచిదేగా" అంది పిన్ని. కానీ ముఖం చిన్నబోయింది. ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ పనికి వంక పెట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు పెట్టిన వంక కూడా ఎలాంటిది! పని బాగా చేసిందట.

ఆ తర్వాత మూడు వారాలు పిన్ని తన జీవితంలోకెల్లా కష్టమైన విద్య అభ్యసించింది. దాని పేరు కన్నాన్ని వదిలేయడం. కుడిచెయ్యి మాట వినేది కాదు, దాన్ని తొడకింద పెట్టుకుని కూర్చుని ఎడమచేత్తో ఆడింది. 'ఆగింది' నొక్కిన ప్రతిసారీ నిద్రపోతున్న పురుగుకు మనసులో క్షమాపణ చెప్పుకుంది. మెల్లగా మరో సంగతి గమనించింది. జబ్బుతో ఆగిన దారం ఊరికే ఆగదు. ముందు సన్నబడుతుంది, అక్కడక్కడా పూసలు గుచ్చినట్టు ఉబ్బుతుంది, ఆ తర్వాతే చీకట్లో కలిసిపోతుంది.

"ఇది అరుగుడు!" అని షాపులో స్టూలు మీంచి లేచి కేకేసింది. కోట్ల వెనక నుంచి ఓనరు కంగారుగా తల పెట్టాడు. "మోచేతి దగ్గర అరిగిన కోటు చూళ్ళేదూ? అచ్చం అదేనండీ! మనిషి లోపల కూడా గుడ్డే!"

వైద్యశాస్త్రానికి ఈ నిర్వచనం కొత్త. అయితే దాంతోనే పిన్ని నమ్మకం అరవై మూడుకు ఎక్కింది. షాపులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూయగానే ట్యాబ్ తెరిచేది. సూదిలో దారం ఎక్కించేటప్పుడు కూడా ఇంత ఆత్రం ఎరగదు.

అప్పుడు ఏడో విడత బొమ్మలు వచ్చాయి.

"ఈ విడత మీదే అందరి ప్రాణాలూ ఉన్నాయత్తా" అంది మేనకోడలు ఫోనులో. "ఈ బొమ్మల్లోని రోగుల్లో సగంమంది ఏడాదిగా ఒక కొత్త మందు వాడారు. ఎవరు వాడారో, ఎవరు వాడలేదో మాకే తెలియదు, తెలియనివ్వరు. దారాలు నిలిచాయా లేదా అన్నది మీ ఆటలో తేలితే, ఆ తర్వాత పేర్లు విప్పుతారు. తొమ్మిది రోజుల్లో ముగించాలి."

పిన్ని చేతులు కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని మొదటి బొమ్మ తెరిచింది. దారం తెగి ఉంది. 'ఆగింది' నొక్కబోయి ఆగింది. సన్నబడలేదే? పూసలేవి? దారం కొస దాకా నిండుగా ఉండి, గోరంత చీకటి తర్వాత అంతే లావు దారం మళ్ళీ మొదలైంది. 'కలుపు' నొక్కింది.

ముప్పై మందిలో అలా నొక్కినవాళ్ళు ఆవిడతో కలిపి ఇద్దరే.

రెండో బొమ్మా అంతే. మూడోదీ అంతే. నమ్మకం అరవై రెండు, అరవై, యాభై ఎనిమిది. అయిదు రోజుల్లో యాభై మూడుకు దిగింది. కండక్టరు గారిది తొంభై మూడుకు ఎక్కి, తెర మీద బంగారు గొంగళి బొమ్మ కూడా బహుమానంగా వచ్చింది. ఆయన దాన్ని పాలవాడికి సైతం చూపించారు.

"మళ్ళీ పాత రోగం తిరగబెట్టిందా?" అన్నారు టీ తాగుతూ. "అందరూ ఆగిందంటుంటే నువ్వొక్కదానివీ కలిపేస్తానంటావేం?"

"ఇవి ఆగలేదండీ. తెగాయి."

"బటన్లు రెండే ఉన్నాయి. తెగింది అనే బటన్ లేదు."

"బటన్ లేకపోతే తెగడం మానేస్తుందా?"

"ఇరవై ఎనిమిది మంది తప్పా?"

"మీ బస్సులో అరవై మంది ఒక పక్కకు ఒరిగితే బస్సు అటే వెళ్తుందా?"

"వెళ్ళదు. పడుతుంది" అన్నారు కండక్టరు గారు, అనుభవం కొద్దీ. వాదనలో ఓడిపోయినట్టు తోచి, ఇంకో గ్లాసు టీ పోసుకున్నారు.

మాటలో గెలిచింది గానీ పిన్నికి లోపల గుబులుగానే ఉంది. ఆ ఇరవై ఎనిమిది మంది గురించి కాదు. తన చెయ్యి గురించి. కన్నం చూస్తే ఆగని చెయ్యి అది. నిజంగా తెగిన దారమే కనబడుతోందా, లేక కలపాలన్న దురద కంటికి అలా చూపిస్తోందా? ఇంకో మూడు నాలుగు బొమ్మలు ఇలాగే నొక్కితే యాభైకి దిగుతుంది. ఈ విడతలో తన జవాబులన్నీ తుడిచేస్తారు. నలుగురితో పాటు 'ఆగింది' నొక్కుతూ పోతే నమ్మకం నిలుస్తుంది, ఆటలో చోటు నిలుస్తుంది. దారాల సంగతి ఎవడిక్కావాలి?

ఆ మాట అనుకోగానే పిన్నికి తన మీద తనకే కోపం వచ్చింది. షాపులో ఒళ్ళో ఉన్న కోటు మడత పెట్టి బల్లమీద విసిరింది. అలా విసిరిన కోటును చూస్తూ ఉండిపోయింది.

ఒకప్పుడు ఒక కోటు వచ్చింది, తొమ్మిది కన్నాలతో. ఇచ్చినామె తొమ్మిది చోట్ల పురుగు పట్టిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పిన్ని దాన్ని మడత మీద మడత వేసి చూస్తే తొమ్మిది కన్నాలూ ఒకదాని మీద ఒకటి వచ్చి కూర్చున్నాయి. మడిచి పెట్టెలో పెట్టినప్పుడు ఒకే మేకు తొమ్మిది పొరల్లోనూ దిగింది. చిరుగులు తొమ్మిది, దోషి ఒక్కడే. పొరలు విప్పి చూసినంతకాలం ఆ దోషి దొరకడు.

"ఏమండీ!" అని పిన్ని ఇంటికొస్తూనే గుమ్మంలోంచే కేకేసింది. "ఒకే మనిషి పొరలు ఎన్ని చూశారు మీరు?"

"నాకేం తెలుసు? ఒకటి ఇవాళ, ఒకటి ఎల్లుండి, అన్నీ కలిపేసి ఇస్తారు."

"నంబర్లు రాశారా?"

ఈ ప్రశ్న అవమానకరం. కండక్టరు గారు అలమర తెరిచి మూడు నోట్‌బుక్కులు తీసి బల్లమీద పెట్టారు. తను చూసిన ప్రతి బొమ్మ నంబరు (అందులోనే మనిషి నంబరూ, పొర నంబరూ ఉంటాయి), తేదీ, సమయం, నొక్కిన బటన్ వరుసగా ఉన్నాయి. ఎందుకు రాశారని ఇంతవరకు అడిగినవారూ లేరు.

పిన్ని కత్తిరింపులకు వాడే పల్చటి నూనెకాగితం చుట్ట తెచ్చింది. ఆయన ఒక మనిషి నంబరు పట్టుకుని పొరలు వెతికి, పాత ఆటల జాబితాలోంచి తెరిచి చూపిస్తుంటే, ఆవిడ ట్యాబ్ మీద కాగితం పరిచి పెన్సిలుతో దారాలు దించి, తెగినచోటల్లా ఎర్రచుక్క పెట్టింది. ఆయన ఆటలోవి పదిహేను, ఆవిడ ఆటలోవి ఎనిమిది. ఇరవై మూడు కాగితాలు.

"నాలుగు మూలలూ సరిగ్గా కలవాలి. గట్టిగా పట్టుకోండి."

ఇరవై మూడు కాగితాలనూ దొంతరగా పేర్చి, సాయంత్రపు ఎండ పడుతున్న కిటికీ అద్దానికి ఆనించారు.

దారాలు అడవిలా ఎటుపడితే అటు పోతున్నాయి. ఎర్రచుక్కలు మాత్రం ఒకదాని కింద ఒకటి, పై నుంచి కింది దాకా, స్కేలు పెట్టి గీసినట్టు నిలువునా ఒకే గీత.



"ఇది..." అన్నారు కండక్టరు గారు. "ఇది బస్సు రూటులా ఉందే."

"ఇంకో మనిషివి తియ్యండి!"

ఇంకో మనిషివి తీశారు. అదే గీత, ఎడమ అంచుకు అంతే దూరంలో. మూడో మనిషిదీ అదే.

"ముగ్గురు మనుషుల నరాలు కూడబలుక్కుని ఒకే గీత మీద తెగుతాయటండీ? ఇది జబ్బు కాదు. మేకు! ఎక్కడో ఒక మేకుంది!"

"ల్యాబుకు ఫోన్ చెయ్యి!"

చేస్తే మేనకోడలు తియ్యలేదు. కోసే గదిలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు. ఇంకా గంటన్నర దాకా ల్యాబు తెరిచే ఉంటుంది. "నడవండి" అంది పిన్ని. కాగితాలు చుట్టబోతుంటే ట్యాబ్ మోగింది. తెర మీద ఒక బొమ్మ, పురుగు ఆగి ముఖంలోకి చూస్తోంది. పొద్దున షాపులో నొక్కినవాటితో పిన్ని నమ్మకం యాభై ఒకటికి దిగి ఉంది. దారం నిండుగా ఉంది, నిలువు గీత ఉండాల్సిన చోటే తెగి ఉంది.

"వదిలెయ్యవే, వచ్చాక చూద్దాం. ఒక్క తప్పు పడితే పోతావు" అన్నారు కండక్టరు గారు. మొదటిసారిగా ఆయన గొంతులో ఎగతాళి లేదు.

పిన్ని నిలబడే 'కలుపు' నొక్కి, గీత గీసింది. పురుగు నాట్యం చేసింది. అంకె నలభై తొమ్మిదికి పడింది. 'మీ ఉత్సాహానికి ధన్యవాదాలు' అంటూ తెర మూసుకుంది.

"పోతే పోయింది. చూస్తూ అబద్ధం నొక్కమంటారా?" అని పిన్ని చెప్పులు తొడుక్కుంది.

బస్సు ప్రయాణం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కాగితపు చుట్ట నలగకుండా పిన్ని దాన్ని తలకంటే ఎత్తుగా పట్టుకుని నిలబడింది. ప్రతి స్టాపులోనూ బస్సు ఆలస్యం చేస్తోందని కండక్టరు గారు సీట్లోంచి లేచి "రైట్ రైట్!" అని అరిచారు. రెండుసార్లు డ్రైవరు నిజంగానే కదిలించాడు. అసలు కండక్టరు వచ్చి "ఎవరండీ మీరు?" అంటే, "రిటైరయ్యాను" అని హుందాగా జవాబిచ్చారు.

ల్యాబు గుమ్మంలో పాదాలకు నీలం సంచులు తొడిగి లోపలికి పంపారు. పొడుగాటి గది, బల్లల మీద తెరలు, మూల సన్నగా రొద చేసే ఫ్రీజరు. పరిశోధనకు పెద్ద ఒక డాక్టరమ్మ. తక్కువ మాట్లాడే మనిషి. ఆవిడ వెనక మేనకోడలు, తెల్లకోటులో, కళ్ళు పెద్దవి చేసి.

"అత్తా? మావయ్యా? ఏమైంది?"

"మేకు దొరికిందే!" అంది పిన్ని.

డాక్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "మీరు మా గేమ్ ఆడతారా? మీ నమ్మకం ఎంత?"

"నలభై తొమ్మిదండీ."

"అంటే మిమ్మల్ని..."

"దింపేశారండీ. ఇందాకే."

డాక్టరమ్మ మేనకోడలి వైపు తిరిగింది. అప్పుడు కండక్టరు గారు ముందుకు జరిగి, నీలం సంచుల్లో వీలైనంత నిటారుగా నిలబడ్డారు.

"అమ్మా, నాది తొంభై మూడు. బంగారు గొంగళి కూడా ఇచ్చారు. కానీ నేను చూసి నొక్కలేదు. జనం ఎటు పోతుంటే అటు టికెట్ కొట్టాను. మా ఆవిడ ప్రతి దారాన్నీ చూసింది. ఆవిడ చెప్పేది వినండి. నా గొంగళి తీసేసుకున్నా ఫర్వాలేదు."

పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో ఆయన నోట ఇలాంటి మాట రావడం ఇదే మొదలు. పిన్ని ఉలిక్కిపడి చుట్ట జారవిడిచింది. మేనకోడలు పట్టుకుంది.

డాక్టరమ్మ కాగితాలను వెలుతురు బల్ల మీద పరిచింది. ఒక దొంతర. రెండో దొంతర. మూడోది. ఎర్రచుక్కల గీత మీద వేలు పెట్టి, పై నుంచి కిందికి జరిపింది. మళ్ళీ కింది నుంచి పైకి.

"ఇంతమంది చూశాం" అంది నెమ్మదిగా. "ఒక్కో బొమ్మా విడిగా చూశాం. పొర మీద పొర ఎవరూ పెట్టలేదు."

"విప్పి చూస్తే దొరకదండీ. మడిచి చూడాలి" అంది పిన్ని.

మేనకోడలి ముఖంలో రంగు మారింది. "బ్లేడు" అంది. "మేడమ్, ఏడో విడత మొత్తం ఒకే బ్లేడుతో కోశాను. మధ్యలో మార్చాల్సింది. బాగానే తెగుతోంది కదా అని..."

"వాడిన బ్లేడు ఉందా?"

వాడిన బ్లేళ్ళను తేదీ రాసి డబ్బాలో వేసే అలవాటు ఉండబట్టి బతికిపోయారు. మేనకోడలు పరుగున వెళ్ళి తెచ్చింది. డాక్టరమ్మ దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, మర తిప్పి, చాలాసేపు చూసి, పక్కకు జరిగింది.

"రండి. ముందు మీరే చూడాలి."

పిన్ని ఒక కన్ను మూసి వంగింది. వెండికొండ అంచులా మెరుస్తున్న బ్లేడు. ఆ అంచులో, ఎడమ కొసకు దగ్గరగా, చిన్న పంటిగాటు.

"ఇదిగో! ఇదిగో దొంగ!" అని పిన్ని అరిచిన అరుపుకు అవతలి గదిలోంచి ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. "మీరూ చూడండి! ఏమండీ, మీరూ రండి! నా చెయ్యి కాదండీ, నా కన్నే! నిజంగానే తెగాయి!" ఆవిడ డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని ఊపేస్తోంది. తక్కువ మాట్లాడే డాక్టరమ్మ తనూ ఊగుతూ, "నిజంగానే తెగాయి, నిజంగానే తెగాయి" అంటోంది.

మేనకోడలు మాత్రం గోడకు ఆనుకుని నిలబడిపోయింది. "ఆరువేల బొమ్మలు పాడుచేశాను మేడమ్."

"పాడుచేశావు" అంది డాక్టరమ్మ. "అయితే ప్రతి ముక్కలో సగం ఫ్రీజరులో ఉంది. ఇది ఇలాగే పోయుంటే అందరి నరాలూ తెగినట్టే తేలేది. మందు వాడినవాళ్ళకూ వాడనివాళ్ళకూ తేడా ఉన్నా మనకు కనబడేది కాదు. పనికిరాని మందని మూలన పడేసేవాళ్ళం. రేపు పొద్దున్నే కొత్త బ్లేడు పెట్టి మళ్ళీ కొయ్యి. ప్రతి ముప్పై పొరలకూ బ్లేడు మార్చు. ఇవాళ మాత్రం ఏడుపు పెట్టుకోకు, ఏడుస్తూ బ్లేళ్ళు పట్టుకోకూడదు."

ఆ సాయంత్రమే పదకొండు వేల మంది ఆటగాళ్ళకు కబురు వెళ్ళింది: ఏడో విడత ఆపేశాం, కోతలో పొరపాటు జరిగింది, ఒక వాలంటీరు కనిపెట్టారు. ఆ వాలంటీరు ఎవరని కబురులో లేదు. అలవాటైన సంగతే కాబట్టి పిన్నికి అది లోటుగా తోచలేదు.

ఒక్క విషయం మాత్రం ఆవిడ మనసులో పీకుతోంది. గుమ్మం దాకా వచ్చి నీలం సంచులు విప్పుతూ అడిగేసింది.

"డాక్టరమ్మగారూ, మరి నా నలభై తొమ్మిది?"

డాక్టరమ్మ ఇబ్బందిగా నవ్వింది. "అంకెలు చేత్తో మార్చకూడదని నియమం పెట్టింది నేనే. ఒకరికి మారిస్తే అందరికీ మార్చాలి. ఏడో విడతలో మీ జవాబులతో పాటు అందరివీ కొట్టేస్తాం. కానీ మీ అంకె తిరిగి లేవాలంటే మీరు మొదటి పాఠం నుంచి రావాల్సిందే."

"ఇదేం న్యాయమండీ!" అన్నారు కండక్టరు గారు.

"న్యాయమే" అంది పిన్ని. "చూసి నొక్కేవాళ్ళెవరో చూడకుండా నొక్కేవాళ్ళెవరో యంత్రానికి ఎలా తెలుస్తుంది? పాఠం పెట్టుకుంటుంది. వస్తాను లెండి, మొదటి నుంచే వస్తాను. మీరు ఆ దారాలు జాగ్రత్తగా కొయ్యండి, నేను జాగ్రత్తగా చూస్తాను."

అంటే, విడతను ఒడ్డున పడేసిన మనిషి మర్నాడు టీ టైములో స్టూలు మీద కూర్చుని, 'ఇది గొంగళిపురుగు, ఇది దారం' అన్న పాఠం శ్రద్ధగా చదివింది. నలభై బొమ్మల పరీక్ష రాసింది. ముప్పై తొమ్మిది సరిపోయాయి. నలభైయవది డాక్టర్లదే తప్పని ఆవిడ అభిప్రాయం. దాని నంబరు కండక్టరు గారి నోట్‌బుక్కులో ఎక్కింది, విచారణ ఇంకా నడుస్తోంది.

పదో రోజున కొత్తగా కోసిన ఏడో విడత వచ్చింది. కోట్ల వరుస అవతల ఓనరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఇస్త్రీ ఆవిరి కిటికీ దాకా వస్తోంది. పిన్ని ఒళ్ళో ఉన్న పాంటు పక్కన పెట్టి, అద్దాలు తుడుచుకుని, మొదటి బొమ్మ తెరిచింది.

పచ్చదారం ఎడమ అంచులో మొదలైంది. పురుగు పాకింది. పిన్ని వేలు బటన్ల మీద సిద్ధంగా ఉంది. పురుగు పాకుతూనే ఉంది. సన్నబడలేదు. పూసలు లేవు. తెగలేదు. ఎక్కడా ఆగకుండా, ఎవరి ముఖంలోకీ చూడకుండా, పురుగు తెర ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళిపోయింది. ఎవరి పాదమో, మందు వాడిన పాదమో కాదో, ఎవరికీ తెలియదు. కానీ ఆ పాదానికి నేల తెలుస్తుంది.

పిన్నికి ఏం చెయ్యాలో తోచలేదు. ముప్పై నాలుగేళ్ళలో ఆవిడ ఒళ్ళోకి చిరగని గుడ్డ ఒక్కటీ రాలేదు. బాగున్నదాన్ని రఫూవాళ్ళ దగ్గరకు ఎవరు తెస్తారు? భూతద్దం తీసి దారం పొడుగునా వెతికింది. తిప్పి వెతికింది. ఆఖరికి భూతద్దం దించి, తెరను రెండు చేతుల్లోకి తీసుకుని, కోట్లను తోసుకుంటూ ముందు గదిలోకి వచ్చేసింది.

"ఓనరు గారూ, ఆ మాటలు ఆపి ఇటు రండి" అంది. "ఎంత బాగుందో చూద్దురుగాని."